హెచ్‌ఎస్‌ఐ కాలేజీ నుంచి గ్రాడ్ స్కూలుకు: స్కాలర్‌షిప్‌ల వేట ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా సాగించాలి

"మా కాలేజీ హిస్పానిక్ సర్వింగ్ ఇన్‌స్టిట్యూషన్ (హెచ్‌ఎస్‌ఐ) అట. మనం హిస్పానిక్‌లం కాము కదా, ఆ స్కాలర్‌షిప్‌లు మనకు వర్తిస్తాయా?" అమెరికాలో ఉంటున్న తెలుగు విద్యార్థులూ తల్లిదండ్రులూ పదే పదే అడిగే ప్రశ్న ఇది. కొన్ని వర్తిస్తాయి, కొన్ని వర్తించవు. అసలు పెద్ద మొత్తాలు మాత్రం ఆ పేరుతో వెతికితే దొరకవు. ఎమ్మెస్‌కో పీహెచ్‌డీకో వెళ్లబోయేవారు పని ఏ వరుసలో చేసుకోవాలో చూద్దాం.

## 1. ఆ గుర్తింపు కాలేజీది, మీది కాదు

బ్యాచిలర్స్ విద్యార్థుల్లో, పూర్తికాల చదువు లెక్కన, కనీసం 25 శాతం మంది హిస్పానిక్‌లు (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవారు) ఉంటే ఆ కాలేజీకి హెచ్‌ఎస్‌ఐ అర్హత వస్తుంది. ఇలాంటివి దేశంలో 600కు పైగా ఉన్నాయి. లెక్కలోకి వచ్చేది బ్యాచిలర్స్ విద్యార్థులే. అందుకే ఎమ్మెస్ తరగతిలో ఎటు చూసినా తెలుగే వినిపించే యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ ఆర్లింగ్టన్ కూడా హెచ్‌ఎస్‌ఐయే. హ్యూస్టన్ యూనివర్సిటీ, నార్త్ టెక్సస్, టెక్సస్ ఏ అండ్ ఎం కింగ్స్‌విల్, ఫ్లోరిడా ఇంటర్నేషనల్, షికాగోలోని ఇల్లినాయ్ యూనివర్సిటీ, కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ క్యాంపస్‌లలో అత్యధికం ఇదే కోవలోకి వస్తాయి. ఇక్కడ చదివే విద్యార్థి ఏ జాతివాడన్నది ఆ గుర్తింపుకు సంబంధం లేని విషయం.

కాబట్టి ఏ ప్రకటన కంటబడినా ముందు దాన్ని ఈ మూడింటిలో ఒక గడిలో వేయండి:

- విద్యార్థికే హిస్పానిక్ వారసత్వం ఉండాలనేవి
- హెచ్‌ఎస్‌ఐలో చదివితే చాలు, ఎవరైనా దరఖాస్తు చేయవచ్చనేవి
- ఈ రెండింటితో పనిలేకుండా అందరికీ తెరిచి ఉండేవి

మొదటి గడిలోనివి మనవి కావు, వదిలేయండి. "ఎవరు చూడొచ్చారులే" అని హిస్పానిక్ గడిలో టిక్ పెట్టమని సలహా ఇచ్చేవాళ్లు అక్కడక్కడా తగులుతుంటారు. వినకండి. దరఖాస్తులో తప్పు చెప్పినట్టు తేలితే ఇచ్చిన డబ్బు వెనక్కి కట్టడమే కాదు, కాలేజీ క్రమశిక్షణ చర్య, వీసా మీద ఉన్నవారికి అంతకు మించిన చిక్కు ఎదురవుతాయి.

రెండో గడిలో వెతికేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. హెచ్‌ఎస్‌ఐలకు ఇచ్చే గ్రాంట్లతో సహా కొన్ని కార్యక్రమాలకు కేటాయించిన దాదాపు 35 కోట్ల డాలర్ల విచక్షణాధీన నిధులను ఆపేస్తున్నట్టు ఫెడరల్ విద్యాశాఖ 2025 సెప్టెంబరులో ప్రకటించింది. ఈ నిధుల మీద నడిచిన ఫెలోషిప్‌ల పేజీలు వెబ్‌సైట్‌లో అలాగే ఉండిపోయినా, వెనుక డబ్బు లేకపోవచ్చు. వ్యాసం రాయడానికి కూర్చునే ముందు ఆ కార్యాలయానికి రెండు వాక్యాల ఈమెయిల్ పంపండి: ఈ ఏడాది ఇది నడుస్తోందా, కొత్త దరఖాస్తులు తీసుకుంటున్నారా? జవాబు వచ్చాకే మిగతా పని.

అర్హత నియమాలు కూడా మారుతున్నాయి. ప్రవేశాల్లో జాతిని పరిగణించడంపై 2023 జూన్‌లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక చాలా సంస్థలు తమ షరతులను తిరగరాసుకున్నాయి. నిరుడు సీనియర్ చెప్పిన మాట ఈ ఏడాది చెల్లకపోవచ్చు. నిరుడు మూసి ఉన్నది ఈ ఏడాది తెరుచుకుని ఉండనూ వచ్చు.

## 2. మీ పౌరసత్వ, వీసా హోదా ఏమిటో రాసుకోండి

మార్కులకంటే ముందు మిమ్మల్ని వడపోసేది ఇదే. దీన్ని చివరికి వదిలేసి, నెలరోజులు వ్యాసం దిద్దుకున్నాక "పౌరులకు మాత్రమే" అన్న వాక్యం దగ్గర ఆగిపోయేవారు ఎందరో.

పౌరులు, గ్రీన్‌కార్డు ఉన్నవారు. మీకు దారులు ఎక్కువ. నేషనల్ సైన్స్ ఫౌండేషన్ ఇచ్చే గ్రాడ్యుయేట్ రీసెర్చ్ ఫెలోషిప్ మీ జాబితాలో మొదట ఉండాలి. అయిదేళ్ల వ్యవధిలో మూడేళ్లపాటు ఏటా 37,000 డాలర్ల స్టైపెండ్ మీకు, 16,000 డాలర్లు మీ యూనివర్సిటీకి ఇస్తారు. డిగ్రీ చివరి ఏడాదిలోనో గ్రాడ్ స్కూల్ మొదటి ఏడాదిలోనో దరఖాస్తు చేయాలి. రెండో ఏడాది విద్యార్థులకు 2025 ప్రకటనలో చోటు తీసేశారు. గ్రాడ్ విద్యార్థిగా ఒక్కసారే అవకాశం కాబట్టి డిగ్రీ చివరి ఏడాదిలోనే ఒక ప్రయత్నం చేసి ఉంచుకోవడం తెలివైన పని.

రక్షణ శాఖ స్మార్ట్ స్కాలర్‌షిప్ పూర్తి ఫీజు, స్టైపెండ్ ఇస్తుంది. బదులుగా, ఎన్నేళ్లు డబ్బు తీసుకుంటే అన్నేళ్లు ఆ శాఖలో ఉద్యోగం చేయాలి. దీనికి గ్రీన్‌కార్డు సరిపోదు, పౌరసత్వం కావాలి. ఆస్ట్రేలియా, కెనడా, న్యూజిలాండ్, బ్రిటన్ పౌరులు కూడా అర్హులేనన్నది చాలామందికి తెలియదు. టొరంటో నుంచి వచ్చి డాలస్‌లో చదువుతున్న పిల్లలున్న ఇళ్లవారు గమనించాలి.

మక్‌నేర్ స్కాలర్స్ కార్యక్రమం అనేక హెచ్‌ఎస్‌ఐలలో ఉంది. ఇది డిగ్రీలో ఉండగానే చేరవలసినది: పరిశోధన అనుభవం, స్టైపెండ్, తరువాత గ్రాడ్ స్కూల్ దరఖాస్తు ఫీజుల మాఫీ దీని ద్వారా వస్తాయి. తక్కువ ఆదాయం ఉండి, తల్లిదండ్రుల్లో ఎవరికీ బ్యాచిలర్స్ డిగ్రీ లేని కుటుంబాల పిల్లలు జాతితో నిమిత్తం లేకుండా అర్హులు. మోటెల్‌లోనో గ్యాస్ స్టేషన్‌లోనో పనిచేస్తూ పిల్లల్ని చదివించే తెలుగు కుటుంబాలు అమెరికాలో తక్కువేమీ లేవు. "మనవాళ్లందరూ సాఫ్ట్‌వేరే కదా" అన్న మాట నమ్మి ఈ కార్యాలయం గడప తొక్కని పిల్లలు నష్టపోతున్నారు.

వలస కుటుంబాల పిల్లలు. పాల్ అండ్ డైసీ సోరోస్ ఫెలోషిప్ సరిగ్గా మీకోసం పెట్టినది. ఏటా 30 మందికి, రెండేళ్లలో ఒక్కొక్కరికి 90,000 డాలర్ల వరకు ఇస్తుంది. వయసు 30 దాటకూడదు. అమెరికాలో పుట్టినవారికైతే తల్లిదండ్రులిద్దరూ విదేశాల్లో, అమెరికా పౌరసత్వం లేకుండా పుట్టినవారై ఉండాలి. విదేశంలో పుట్టినవారిలో పౌరసత్వం పొందినవారికి, గ్రీన్‌కార్డు వచ్చినవారికి అర్హత ఉంది. ఈ రెండూ లేకపోయినా హైస్కూలు, డిగ్రీ రెండూ అమెరికాలోనే పూర్తిచేసినవారికి దారి ఉంది. గ్రీన్‌కార్డు వరుసలో ఏళ్ల తరబడి నిలబడి, 21 నిండగానే హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగి కుటుంబ వీసా) నుంచి ఎఫ్-1 (విద్యార్థి వీసా)కి మారవలసి వచ్చిన పిల్లలు ఈ షరతును జాగ్రత్తగా చదవాలి. వాళ్లకు తలుపు తీసే పెద్ద ఫెలోషిప్‌లు చాలా కొద్ది.

ఎఫ్-1, హెచ్-4 మీద ఉన్నవారు. ఫెడరల్ సహాయం మీకు రాదు. స్టాన్‌ఫర్డ్‌లోని నైట్-హెన్నెసీ స్కాలర్స్ ఏ దేశంవారికైనా ఇస్తారు. విదేశాల నుంచి వచ్చిన మహిళలకు పీఈఓ అనే మహిళా సంస్థ ఇచ్చే ఇంటర్నేషనల్ పీస్ స్కాలర్‌షిప్ ఉంది. కానీ మీకు అసలైన డబ్బు డిపార్ట్‌మెంటు నుంచే వస్తుంది. టెక్సస్‌లో ఉంటే ఆరో అంచె మీకు అన్నిటికంటే ముఖ్యం.

## 3. డిపార్ట్‌మెంటు డబ్బు ముందు, బయటి స్కాలర్‌షిప్ తరువాత

తెలుగు ఇళ్లలో స్కాలర్‌షిప్ అనగానే గుర్తొచ్చేది ఏదో సంస్థ ఇచ్చే చెక్కు. గ్రాడ్ స్కూల్లో డబ్బు అలా పారదు. సైన్సు, ఇంజనీరింగు పీహెచ్‌డీలో చేరినవారిలో ఎక్కువమందికి ఫీజు మాఫీ, నెలనెలా స్టైపెండ్ టీచింగ్ అసిస్టెంట్‌షిప్ ద్వారానో రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్ ద్వారానో వస్తాయి. ఎమ్మెస్‌లో అది అరుదు, అయినా అసాధ్యం కాదు. బయటి సంస్థలు ఇచ్చే వెయ్యి, రెండు వేల డాలర్లు పుస్తకాలకూ విమానం టిక్కెట్టుకూ సాయం. వాటి వెంటే పరిగెత్తి డిపార్ట్‌మెంటు గడువు దాటేసుకుంటే మిగిలేది అప్పే.

ఆ అప్పు కూడా ఇకమీద అంత తేలిక కాదు. 2025 చట్టం ప్రకారం 2026 జులై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవారికి గ్రాడ్ ప్లస్ (గ్రాడ్ విద్యార్థులకు ఇచ్చే ఒక రకం ఫెడరల్) రుణాలు లేవు. మామూలు గ్రాడ్ విద్యార్థికి ఫెడరల్ రుణం ఏడాదికి 20,500 డాలర్లు, మొత్తం మీద లక్ష డాలర్లు మించదు. ఇది పౌరుల సంగతి. ఎఫ్-1 విద్యార్థికి అదీ లేదు.

హెచ్‌ఎస్‌ఐ పేరు నిజంగా అక్కరకొచ్చే చోటు కాలిఫోర్నియా. అక్కడ చదువుతున్నవారు ఈ నాలుగింటిని తప్పక చూడాలి:

- కాల్-బ్రిడ్జ్: కాల్ స్టేట్ (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ), కమ్యూనిటీ కాలేజీల విద్యార్థులను భౌతికశాస్త్రం, ఖగోళశాస్త్రం, కంప్యూటర్ సైన్స్, గణితం వంటి వాటిలో యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా (యూసీ) పీహెచ్‌డీల వైపు నడిపించే కార్యక్రమం.
- శాలీ కాసనోవా ప్రీ-డాక్టోరల్ స్కాలర్స్: కాల్ స్టేట్‌లో చదువుతూ పీహెచ్‌డీ చేయాలనుకునేవారికి. దరఖాస్తు ఫీజులకు, యూనివర్సిటీలు చూసి రావడానికి, సదస్సులకు డబ్బు ఇస్తారు. ఒక ప్రొఫెసర్ అండ తప్పనిసరి.
- యూసీ-హెచ్‌ఎస్‌ఐ డాక్టోరల్ డైవర్సిటీ ఇనిషియేటివ్: కాలిఫోర్నియా హెచ్‌ఎస్‌ఐలలో చదివి యూసీల్లో పీహెచ్‌డీకి చేరేవారి కోసం.
- కాల్ స్టేట్ చాన్సలర్స్ డాక్టోరల్ ఇన్సెంటివ్ ప్రోగ్రామ్: ఇది రుణం. ఏడాదికి 10,000, మొత్తం 30,000 డాలర్ల వరకు. పీహెచ్‌డీ అయ్యాక కాల్ స్టేట్‌లో పూర్తికాలం పాఠాలు చెప్తే ఏడాదికి 20 శాతం చొప్పున రద్దవుతుంది. చెప్పకపోతే కట్టాలి. స్కాలర్‌షిప్ అనుకుని సంతకం పెట్టవద్దు.

హాకూ అని పిలిచే హిస్పానిక్ కాలేజీల సంఘం కూడా తన సభ్య కాలేజీల విద్యార్థులకు స్కాలర్‌షిప్‌లు ఇస్తుంది. హెచ్‌ఎస్‌ఐ గుర్తింపు వేరు, హాకూ సభ్యత్వం వేరు. మీ కాలేజీ సభ్యురాలో కాదో ముందు చూసుకోండి.

## 4. నెలల వరుస

ఆగస్టులో చేరాలంటే, పని అంతకు ఏడాదిన్నర ముందు జనవరిలో మొదలవ్వాలి.

జనవరి నుంచి మే: ఒక ప్రొఫెసర్ దగ్గర పరిశోధనలో చేరండి. జీతం లేకపోయినా సరే. డిసెంబరులో మీకు లేఖ రాసే మనిషి ఈ నెలల్లోనే తయారవుతాడు. మక్‌నేర్ వంటి వాటి గురించి ఆరా తీయవలసిందీ ఇప్పుడే.

జూన్, జులై: పది పన్నెండు యూనివర్సిటీలు, అయిదారు ఫెలోషిప్‌ల జాబితా. ఒక స్ప్రెడ్‌షీటులో పేరు, హోదా షరతు, గడువు, గడువు గంట, లేఖల సంఖ్య, వ్యాసం నిడివి, ఫీజు మాఫీ ఉందా అన్న గడులు పెట్టండి. "గడువు గంట" అన్న గడి ఎందుకంటే, కొన్ని గడువులు అర్ధరాత్రికి కాక సాయంత్రం అయిదింటికి ముగుస్తాయి, అదీ ఏ టైమ్‌జోన్‌లోనో చూసుకోవాలి.

ఆగస్టు: స్మార్ట్ దరఖాస్తు తెరుచుకుంటుంది. వ్యాసాల మొదటి చిత్తుప్రతులు.

సెప్టెంబరు: లేఖలు అడగడం. దరఖాస్తు ఫీజు మాఫీ కోరే ఉత్తరాలు.

అక్టోబరు: పౌరులు, గ్రీన్‌కార్డువారు 1వ తేదీ తరువాత ఫాఫ్సా (ఫెడరల్ ఆర్థిక సహాయ దరఖాస్తు) నింపాలి. గ్రాడ్ విద్యార్థిని స్వతంత్రుడిగా లెక్కిస్తారు కాబట్టి అమ్మానాన్నల ఆదాయం అడగరు. నైట్-హెన్నెసీ గడువు నెల మొదట్లో, సోరోస్ గడువు నెలాఖరులో.

నవంబరు: నేషనల్ సైన్స్ ఫౌండేషన్ గడువులు సాధారణంగా అక్టోబరు రెండో సగానికో నవంబరు మొదటి సగానికో పడతాయి. మీ రంగం తేదీ వేరుగా ఉంటుంది, చూసుకోండి.

డిసెంబరు: చాలా పీహెచ్‌డీ గడువులు 1 నుంచి 15 లోపు. స్మార్ట్ గడువు మొదటి వారంలో.

జనవరి నుంచి మార్చి: ఎమ్మెస్ గడువులు, కాలేజీ అంతర్గత స్కాలర్‌షిప్‌లు, ఇంటర్వ్యూలు.

ఏప్రిల్ 15: ఆఫర్లకు జవాబు. దీని సంగతి ఎనిమిదో అంచెలో.

## 5. లేఖలు, వ్యాసాలు: అసలు పోటీ ఇక్కడే

### లేఖ అడిగే తీరు

మనవాళ్లలో ఒక అలవాటు ఉంది. పెద్ద హోదా ఉన్నవారి సంతకం ఉంటే లేఖకు బరువొస్తుందని నమ్మి, ముఖం కూడా గుర్తులేని డీన్ దగ్గరకు వెళ్తారు. "ఈ విద్యార్థి నా తరగతిలో ఏ గ్రేడు తెచ్చుకున్నాడు" అన్న ఒక్క వాక్యం చుట్టూ తిరిగే లేఖ దరఖాస్తును ముంచుతుంది. మీతో ల్యాబ్‌లో కూర్చుని, మీ తప్పు కోడ్ చూసి, మీరు దాన్ని సరిచేయడం కూడా చూసిన అసిస్టెంట్ ప్రొఫెసర్ లేఖే నయం.

గడువుకు కనీసం ఆరు వారాల ముందు అడగండి. పంపే ఈమెయిల్‌లో ఇవి ఉండాలి:

"ప్రొఫెసర్ గారికి, నిరుడు వసంతకాలంలో మీ డేటాబేస్ తరగతిలో, వేసవిలో మీ ల్యాబ్‌లో పనిచేశాను. ఈ డిసెంబరులో పీహెచ్‌డీకి దరఖాస్తు చేస్తున్నాను. నా పరిశోధన గురించి వివరంగా, గట్టిగా సమర్థిస్తూ లేఖ రాయగలరా? సమయం లేకపోయినా, నన్ను అంత దగ్గరగా చూడలేదనిపించినా మొహమాటం లేకుండా చెప్పండి, మరొకరిని అడుగుతాను. మీరు సరేనంటే గడువుల పట్టిక, నా వ్యాసం, మీ దగ్గర నేను చేసిన పనుల ఒక పేజీ జాబితా పంపుతాను."

"మొహమాటం లేకుండా" అన్న వాక్యాన్ని తీసేయకండి. అర్ధమనసుతో ఒప్పుకున్న లేఖకంటే మర్యాదగా కాదన్న మాట మేలు. దరఖాస్తులో "లేఖను చూసే హక్కు వదులుకుంటున్నాను" అన్న గడి వస్తుంది. టిక్ పెట్టండి. పెట్టకపోతే లేఖకు విలువ తగ్గుతుంది.

"నువ్వే రాసుకుని తీసుకురా, సంతకం పెడతాను" అనే పద్ధతి మన కాలేజీల్లో చెల్లింది. ఇక్కడ చెల్లదు. మూడు లేఖల్లో ఒకే చేతిరాతలాంటి శైలి కనిపిస్తే కమిటీ పసిగడుతుంది.

### వ్యాసం

సైన్స్ ఫౌండేషన్‌కు రెండు వ్యాసాలు: మీ నేపథ్యం, లక్ష్యాల మీద 3 పేజీలు, పరిశోధన ప్రణాళిక 2 పేజీలు. చూసేవి రెండు గుణాలు: ఆలోచనలో పస, దానివల్ల సమాజానికి కలిగే మేలు. రెండింటికీ పేజీలో విడిగా చోటివ్వాలి. రెండోదాన్ని చివర్లో రెండు వాక్యాలతో సరిపెట్టడం ఎక్కువ దరఖాస్తులు తప్పే చోటు.

తేడా ఎలా ఉంటుందో చూడండి. మొదటి చిత్తుప్రతి ఇలా మొదలవుతుంది:

"చిన్నప్పటి నుంచి నాకు కంప్యూటర్లంటే ఎంతో ఆసక్తి. సాంకేతికతతో రైతుల జీవితాలను మార్చాలన్నది నా కల."

దిద్దిన ప్రతి:

"రియో గ్రాండే లోయలోని నారింజ తోటలో మేం పాతిన తేమ సెన్సర్లు రెండో వారానికే తప్పు అంకెలు చూపాయి. తడి లేని మడిని తడిగా లెక్కగట్టాయి. కారణం మట్టిలోని ఉప్పు అని తేల్చడానికి ఒక సెమిస్టర్ పట్టింది. ఆ ఉప్పు ప్రభావాన్ని లెక్కలోనే సవరించే నమూనాను పీహెచ్‌డీలో తయారుచేయాలనుకుంటున్నాను."

రెండోదానిలో కల అన్న మాటే లేదు. చోటు ఉంది, చిక్కు ఉంది, విద్యార్థి చేసిన పని ఉంది, తరువాతి ప్రశ్న ఉంది. చదివేవారికి ఇంతకంటే అక్కరలేదు.

మీరు హెచ్‌ఎస్‌ఐలో చదివారన్న విషయాన్ని గొప్పగా చాటకండి, దాచనూ వద్దు. అక్కడ ఏం చేశారో రాయండి. స్పానిష్ మాట్లాడే విద్యార్థులకు కాలిక్యులస్ ట్యూషన్ చెప్పి ఉంటే, రాత్రి షిఫ్టు చేసి తరగతికి వచ్చే సహపాఠులతో ప్రాజెక్టు నడిపించి ఉంటే, సమాజానికి మేలు అన్న గుణానికి అదే సాక్ష్యం. సోరోస్ వ్యాసాల్లో మాత్రం కుటుంబం వలస వచ్చిన కథ అడుగుతారు. అక్కడ అమ్మానాన్నల కష్టాలు రెండు పేజీలు నింపి తమ గురించి నాలుగు ముక్కలతో ముగించేవారు ఎక్కువ. ఫెలోషిప్ ఇచ్చేది మీకు. కుటుంబం నేపథ్యం మాత్రమే.

కృత్రిమ మేధ సాధనాలతో వ్యాసం మొత్తం రాయించుకోవద్దు. నియమాల సంగతి అటుంచితే, అలా వచ్చినవన్నీ ఆ మొదటి చిత్తుప్రతిలాగే ఉంటాయి.

## 6. టెక్సస్‌లో వెయ్యి డాలర్ల నియమం

దీన్ని వివరంగా చెప్పక తప్పదు, ఎందుకంటే టెక్సస్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో చదివే మన విద్యార్థులకు ఇంతకుమించి కలిసొచ్చేది మరొకటి లేదు.

టెక్సస్ విద్యాచట్టం ప్రకారం, పోటీలో గెలిచిన స్కాలర్‌షిప్‌ల మొత్తం ఆ విద్యాసంవత్సరానికి కనీసం 1,000 డాలర్లు ఉంటే, రాష్ట్రం బయటివారికీ విదేశీ విద్యార్థులకూ స్థానికుల ఫీజు వర్తింపజేయవచ్చు. వచ్చేది వెయ్యే అయినా, రెండు ఫీజుల మధ్య తేడా దానికి ఎన్నో రెట్లు.

షరతులు:

- స్కాలర్‌షిప్‌ను యూనివర్సిటీ అధికారికంగా గుర్తించిన కమిటీ ఇవ్వాలి. తెలుగు సంఘం ఇచ్చిన చెక్కు ఎంత పెద్దదైనా దీనికి లెక్క కాదు.
- ఆ పోటీలో టెక్సస్ స్థానిక విద్యార్థులు కూడా పాల్గొనగలిగి ఉండాలి. విదేశీయులకు మాత్రమే పెట్టినది చెల్లదు.
- ఇలా మాఫీ పొందేవారు మొత్తం విద్యార్థుల్లో 5 శాతం మించకూడదు. అందుకే వెయ్యి వచ్చిన ప్రతివారికీ మాఫీ ఖాయం కాదు.

చేయవలసిన పని: అడ్మిట్ రాగానే, ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) కోసం ఎదురుచూస్తూ కూర్చోకుండా, యూనివర్సిటీ సాధారణ స్కాలర్‌షిప్ దరఖాస్తును, డిపార్ట్‌మెంటు దరఖాస్తును విడివిడిగా నింపండి. తరువాత గ్రాడ్ అడ్వైజర్‌కు రాయండి: "ఈ స్కాలర్‌షిప్ పోటీ స్కాలర్‌షిప్ మాఫీకి అర్హమైనదేనా? వసంత సెమిస్టర్‌కు కూడా వర్తిస్తుందా?" రెండో ప్రశ్న మరిచిపోతే జనవరిలో పూర్తి ఫీజు బిల్లు వచ్చి గుండె ఆగినంత పనవుతుంది.

మరో దారి కూడా ఉంది. తమ డిగ్రీకి సంబంధించిన పనిలో కనీసం సగం కాలం టీచింగ్ అసిస్టెంట్‌గానో రీసెర్చ్ అసిస్టెంట్‌గానో నియమితులైనవారికి స్థానిక ఫీజే. సగం కాలం అంటే వారానికి 20 గంటలు. సెమిస్టర్ నడుస్తుండగా ఎఫ్-1 విద్యార్థి క్యాంపస్‌లో చేయగల గరిష్ఠం కూడా అంతే. క్యాంటీన్‌లోనో లైబ్రరీలోనో 20 గంటలు చేస్తే ఇది రాదు.

## 7. ఫీజు మాఫీ, ఆఖరి తనిఖీ

ఒక్కో దరఖాస్తుకు వంద డాలర్లు అటూఇటూ. పన్నెండు యూనివర్సిటీలంటే చిన్న మొత్తం కాదు. మక్‌నేర్ విద్యార్థులకు చాలాచోట్ల మాఫీ ఉంది. పరిచయ సదస్సుకో వెబినార్‌కో హాజరైతే మాఫీ ఇచ్చేవి ఉన్నాయి. బిగ్ టెన్ అనే కూటమిలోని యూనివర్సిటీల ఫ్రీయాప్ (ఫీజు మాఫీ కోరే దరఖాస్తు) ద్వారా పీహెచ్‌డీకి పౌరులు, గ్రీన్‌కార్డువారు అడగవచ్చు. మాఫీ అడిగాక జవాబు రావడానికి వారం పైనే పడుతుంది. గడువు రోజు అడిగితే ఫీజు కట్టక తప్పదు. అలాగే, ఒకసారి కట్టిన ఫీజును వెనక్కి ఇవ్వరు.

పంపే ముందు:

☐ పాస్‌పోర్టులో, ట్రాన్స్‌క్రిప్టులో, దరఖాస్తులో పేరు ఒకేలా ఉంది (ఇంటిపేరు ముందా వెనకా అన్న గందరగోళం మనకు ప్రత్యేకం)
☐ వ్యాసంలో ఈ యూనివర్సిటీ పేరే ఉంది, పక్కదాని పేరు కాదు
☐ పేర్కొన్న ప్రొఫెసర్ ఇంకా అక్కడే పనిచేస్తున్నారు, ఈ ఏడాది విద్యార్థులను తీసుకుంటున్నారు
☐ అక్షరాల పరిమాణం, మార్జిన్లు నియమం ప్రకారం ఉన్నాయి (సైన్స్ ఫౌండేషన్ వీటి మీద చదవకుండానే తిప్పి పంపుతుంది)
☐ అప్‌లోడ్ చేసిన పీడీఎఫ్‌ను తిరిగి దించుకుని తెరిచి చూశారు
☐ లేఖలు చేరాయో లేదో పోర్టల్‌లో చూశారు, చేరనివారికి గడువుకు వారం ముందు గుర్తుచేశారు
☐ ఫెలోషిప్ కోసం విడిగా ఒక గడి టిక్ పెట్టాలంటే పెట్టారు

చివరిది చిన్నదిగా కనిపిస్తుంది. "నన్ను ఆర్థిక సహాయానికి పరిగణించండి" అన్న గడిని ఖాళీగా వదిలేసి, "మాకేమీ రాలేదు" అని బాధపడినవారు ఉన్నారు. సాయం అడిగితే అడ్మిట్ రాదేమోనన్న భయం పీహెచ్‌డీ విషయంలో అర్థం లేనిది.

## 8. ఆఫర్ చేతికొచ్చాక

అంకె చూసి మురిసిపోకుండా, ఏడాది చివర చేతిలో ఎంత మిగులుతుందో లెక్కేయండి. ఉదాహరణకు రెండు ఆఫర్లు వచ్చాయనుకుందాం.

మొదటిది: స్టైపెండ్ 30,000 డాలర్లు. ఇతర ఫీజులు 2,400, ఆరోగ్య బీమా 3,000 మీరే కట్టాలి. అద్దె నెలకు 1,500, అంటే ఏడాదికి 18,000. మిగిలేది 6,600.

రెండోది: స్టైపెండ్ 26,000. ఫీజులు, బీమా వాళ్లవే. అద్దె నెలకు 900, ఏడాదికి 10,800. మిగిలేది 15,200.

చిన్న అంకె ఉన్న ఆఫరే రెండింతలకు పైగా మిగిలిస్తోంది. ఆపైన ఈ ప్రశ్నలు రాతపూర్వకంగా అడగండి: స్టైపెండ్ తొమ్మిది నెలలకా, పన్నెండుకా? వేసవిలో ఏమిటి? ఎన్నేళ్లకు హామీ? బయటి ఫెలోషిప్ తెచ్చుకుంటే మీరు ఇచ్చేదాంట్లో కోత పెడతారా?

జవాబుకు తొందరపెడితే కంగారుపడకండి. కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ తీర్మానంపై సంతకం చేసిన యూనివర్సిటీలు, ఆర్థిక సహాయంతో కూడిన ఆఫర్‌కు ఏప్రిల్ 15 కంటే ముందే జవాబివ్వాలని విద్యార్థిని బలవంతపెట్టకూడదు. మీ యూనివర్సిటీ ఆ జాబితాలో ఉందా, మీ ఎమ్మెస్ ఆఫర్‌కు అది వర్తిస్తుందా అని చూసుకుని, మర్యాదగా గుర్తుచేయండి. మరోవైపు, వద్దనుకున్న ఆఫర్‌ను ఏప్రిల్ దాకా పట్టుకుని కూర్చోవద్దు. మీరు వదిలిన చోటు వెయిట్‌లిస్టులో ఉన్న మరొకరికి వెళ్తుంది.

పన్ను మాట క్లుప్తంగా: ఫీజులకూ తప్పనిసరి పుస్తకాలకూ పోయిన స్కాలర్‌షిప్‌పై పన్ను లేదు, బతుకుతెరువుకు ఇచ్చిన స్టైపెండ్‌పై ఉంది. ఎఫ్-1 వారి పన్ను పడే స్కాలర్‌షిప్ నుంచి సాధారణంగా 14 శాతం ముందే పట్టుకుంటారు. భారత్, అమెరికా పన్ను ఒప్పందం కింద భారతీయ విద్యార్థులకు స్టాండర్డ్ డిడక్షన్ దొరుకుతుంది. చాలా దేశాల విద్యార్థులకు ఇది లేదు. రిటర్ను వేసేటప్పుడు దాన్ని వదులుకోకండి.

స్కాలర్‌షిప్ ఉత్తరం చివరి పేజీలో కొనసాగింపు షరతులు ఉంటాయి: ఇంత జీపీఏ, సెమిస్టర్‌కు ఇన్ని క్రెడిట్లు, ఫలానా తేదీకి మళ్లీ దరఖాస్తు. వాటిని ఫోన్‌లో గుర్తుగా పెట్టుకోండి. ఒక కోర్సు వదిలేయాలనుకున్నప్పుడు డ్రాప్ బటన్ నొక్కేముందు మూడుచోట్ల అడగాలి: స్కాలర్‌షిప్ కార్యాలయం, గ్రాడ్ అడ్వైజర్, వీసా మీద ఉంటే అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయం. ముగ్గురూ సరేనన్న తరువాతే వదలండి, ఆ జవాబులు ఈమెయిల్‌లో ఉండేలా చూసుకోండి.